పాత సెస్నా 150 ట్యాంకు గ్యాస్కెట్ మార్చాలి, కార్క్ షీట్ కోసి వేయొచ్చా?

ల్యాబ్_కావలి:

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏరోనాటికల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర 1960ల నాటి సెస్నా 150 అనే చిన్న రెండు సీట్ల విమానం ఒకటి ఉంది. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ క్లబ్ దాన్ని పక్కన పెట్టేస్తే కాలేజీ వాళ్లు కొని, రెక్కలు విప్పి లారీలో తెప్పించి ఇక్కడ మళ్లీ బిగించారు. రిజిస్ట్రేషన్ రద్దయింది కాబట్టి అది ఎగరదు. కానీ ఇంజన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, నెలకోసారి షెడ్డు బయటకు తోసి పిల్లలకు స్టార్ట్ చేసి చూపిస్తాం. ఫోటోల్లో చూసి చదువుకోవడం వేరు, ప్రొపెల్లర్ గాలి మొహానికి కొడుతుంటే గేజులు చదవడం వేరు, అందుకే ఈ విమానం నడుస్తూనే ఉండాలని నా పట్టుదల.

విషయానికి వస్తాను. పోయినసారి పొద్దున్నే కుడి ట్యాంకు నిండా పెట్రోలు పోసి ఎండలో పెట్టాం. పదకొండు గంటలకు తలుపు తీస్తే లోపల పెట్రోలు వాసన గుప్పుమంది. పిల్లల్ని దూరంగా పంపేసి, బ్యాటరీ వైరు తీసేసి, కుడి తలుపు పైన ఉన్న ప్లాస్టిక్ ట్రిమ్ విప్పి చూశాను. అక్కడ రెక్క మొదట్లో ట్యాంకు పక్కగోడకు ఫ్యూయల్ గేజ్ ఫ్లోట్ (పెట్రోలు ఎంతుందో గేజ్‌కు చెప్పేది) ప్లేటు ఐదు స్క్రూలతో బిగించి ఉంది. దాని కింది అంచు తడిగా ఉంది. ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య కారకుండా వేసే గ్యాస్కెట్, ప్లేటు అంచు దాటి బయటకు ఉబ్బుకొచ్చింది, గోరుతో నొక్కితే మెత్తగా దిగబడి వేలికి నల్లగా అంటుకుంది. పైకప్పు గుడ్డ మీద కొత్తగా పసుపుపచ్చ మరక ఉంది, దాని కిందే ఎప్పటిదో పాత నీలం మరక కూడా కనిపించింది.

నెల్లూరులో గ్యాస్కెట్ షాపుల్లో కార్క్ షీట్ దొరుకుతుంది. అది కోసి వేస్తే సరిపోతుందా? పేస్ట్ ఏదైనా పూయాలా? మేము వాడేది మామూలు బంకు పెట్రోలు, దానివల్ల ఏమైనా ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి, వచ్చే వారం మళ్లీ క్లాసు ఉంది.

ఆటోనగర్_నెల్లూరు:

తమ్ముడూ, విమానం సంగతి నాకు తెలియదు, కానీ లారీలు, ట్రాక్టర్ల ట్యాంకు ఫ్లోట్లు విప్పి బిగించడం నా రోజువారీ పని. నువ్వు చెప్పిన ఐదు స్క్రూల ప్లేటు మా దగ్గరా ఉంది. ఒకటి గమనించు, ఆ ఐదు బొక్కలూ సమానమైన దూరంలో ఉండవు, ఒక్క పద్ధతిలోనే కూర్చుంటుంది. విప్పే ముందే ప్లేటుకూ ట్యాంకుకూ కలిపి మార్కర్‌తో ఒక గీత గీసుకో, బిగించేటప్పుడు తిప్పి తిప్పి వెతుక్కునే పని ఉండదు. ఫ్లోట్ చేతిని నేరుగా లాగొద్దు, వంపు చూసుకుంటూ తిప్పి బయటికి తియ్యి. ఆ కమ్మీ కాస్త వంగినా తర్వాత గేజ్ అబద్ధం చెబుతుంది.

ఇక ప్యాకింగ్, అంటే నువ్వనే గ్యాస్కెట్. ఒట్టి కార్క్ వద్దు. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంటే కార్క్ బాగానే ఉంటుంది, నెలకోసారి పోసి ఖాళీ చేసే బండికి వేస్తే ఎండి కుంచించుకుపోయి పగుళ్లు వస్తాయి. రబ్బరు కలిపిన కార్క్ షీట్ ఉంటుంది, అది నయం. కోసేటప్పుడు మా కుర్రాళ్లకు ఒక అలవాటు ఉంది, షీట్‌ను ట్యాంకు మీదే పెట్టి బాల్‌పీన్ సుత్తితో అంచు వెంబడి కొట్టి కోసేస్తారు. ఇనుప ట్యాంకుకు సరే, నీది అల్యూమినియం, ఆ అంచు దెబ్బతింటే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆగదు. పాత ప్యాకింగ్‌ను కాగితం మీద అచ్చు గీసుకుని, బల్ల మీద కత్తెరతో కోసి, బొక్కలు పంచ్‌తో కొట్టుకో.

సిలికాన్ పేస్ట్ జోలికి మాత్రం పోవద్దు. నీళ్ల పంపుకు, ఆయిల్ సంపుకు అది మంచిదే. పెట్రోలు తగిలితే ఉబ్బి, ఊడిపోయి, దారాల్లా ట్యాంకులో పడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. కొంచెం లక్క పేస్ట్ పల్చగా రాసి బిగించు, మేమైతే అదే చేస్తాం.

ఇంకో మాట. బంకుల్లో ఈ ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత స్కూటర్లు, బైకుల పెట్రోల్ ట్యాప్ రబ్బర్లు ఉబ్బి మా దగ్గరికి వస్తున్నాయి. నీ గ్యాస్కెట్ గురించి రాసింది చదువుతుంటే అవే కళ్లముందు కనిపించాయి.

హ్యాంగర్_ఒంగోలు:

నేను లైసెన్స్ ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని, ఊరు ఒంగోలు దగ్గర, ఉద్యోగం బయట. సెస్నా 150, 152, 172ల మీదే ఎక్కువ పని. ఆటోనగర్ అన్న చెప్పినవాటిలో లక్క తప్ప అన్నీ ఒప్పుకుంటాను, దాని గురించి తర్వాత.

గ్యాస్కెట్ కోసే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి సార్. ఆ మూలలో పెట్రోలు కారడానికి ఫ్లోట్ గ్యాస్కెట్ ఒక్కటే కారణం కాదు. ట్యాంకు నుంచి వచ్చే పైపుకూ కిందికి దిగే అల్యూమినియం గొట్టానికీ మధ్య పొట్టి రబ్బరు హోస్ ఉంటుంది, రెండు వైపులా క్లాంపులతో. అది గట్టిపడి పగిలినా పెట్రోలు అక్కడే కారి అదే గుడ్డను తడుపుతుంది. హోస్‌ను వేళ్లతో వంచి చూడండి, పైపొరలో సన్నటి బీటలు కనిపిస్తే దాన్నీ మార్చాల్సిందే. 150లో ట్యాంకు రెక్కలో స్ట్రాపులతో పట్టి ఉంచిన విడి అల్యూమినియం డబ్బా, అతుకు దగ్గర బీట ఉంటే గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా వాసన పోదు.

రెండోది వెంట్. ఎడమ రెక్క కింద స్ట్రట్ (రెక్కను బాడీకి ఆనించే కమ్మీ) వెనక చిన్న గొట్టం ఉంటుంది, ట్యాంకులకు గాలి అందేది దాని నుంచే, కుడి ట్యాంకుకు గాలి పైన అడ్డంగా పోయే గొట్టం గుండా వస్తుంది. నెలల తరబడి షెడ్డులో ఉన్న విమానానికి మట్టి గూడు కట్టే కందిరీగలు ముందుగా చూసుకునే చోటు అదే. అది మూసుకుపోతే ఎండకు ట్యాంకులో పుట్టే ఒత్తిడికి దారి ఉండదు, బలహీనంగా ఉన్న గ్యాస్కెట్‌ను తోసుకుని పెట్రోలు బయటికి వస్తుంది. దీనికి తోడు మీరు పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంచు దాకా నింపారు. ఒక్కో ట్యాంకు 13 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 49 లీటర్లు. 25 డిగ్రీల పెట్రోలు 42 డిగ్రీలకు వేడెక్కితే ముప్పావు లీటరు దాకా పెరుగుతుంది. మన నెల్లూరు ఎండకు ఆ 42 పెద్ద లెక్క కాదు. ఇంజన్ స్టార్ట్ చేసి చూపించడానికి ట్యాంకులో నాలుగో వంతు ఉంటే చాలు, ఫ్లోట్ ప్లేటు కింది అంచు దాకా పెట్రోలు రానేరాదు.

మీరు చూసిన రెండు మరకలు చాలా చెబుతున్నాయి. నీలం మరక అవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ అనే విమానాల పెట్రోలుది, దానికి నీలం రంగు కలుపుతారు. అంటే క్లబ్బులో ఎగిరే రోజుల్లోనే అక్కడ చెమ్మ ఉండేది. ఆ పాత చెమ్మ మీద ఇప్పుడు బంకు పెట్రోలు దెబ్బ పడింది. పాత సెస్నాల్లో వేసిన రబ్బరు నైట్రైల్ రకం, అవ్‌గ్యాస్‌కు ఎన్నో ఏళ్లు ఆగుతుంది. ఇథనాల్ అందులోకి చొరబడి ఉబ్బిస్తుంది, మెత్తదనం కోసం కలిపిన పదార్థాన్ని బయటికి లాగేస్తుంది. తర్వాత ట్యాంకు ఖాళీగా ఉంటే ఆ రబ్బరు ఎండి మొదటికన్నా చిన్నదై గట్టిపడుతుంది. నెలకోసారి తడవడం, మిగతా రోజులు ఎండడం, ఇంతకన్నా చెడ్డ వాడకం రబ్బరుకు లేదు.

అమెరికాలో మోటారు పెట్రోలుతో ఎగరడానికి పరీక్షలు చేసి 1982లో మొదట అనుమతి తెచ్చింది ఈ సెస్నా 150కే. అందులోనూ ఇథనాల్ కలిసిన పెట్రోలు పొయ్యకూడదని షరతు ఉంది. దీనిలో ఉన్న ఓ-200 రకం ఇంజన్ 80 ఆక్టేన్ పెట్రోలుకే తయారైంది కాబట్టి ఆక్టేన్ ఎప్పుడూ సమస్య కాదు, ఇథనాలే సమస్య. మీ పెట్రోలు సంగతి మీరే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలగాజు (కొలత గీతలున్న గాజు గొట్టం) తీసుకుని 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 100 గీత దాకా పెట్రోలు పోసి, మూత పెట్టి బాగా ఊపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ లేకపోతే కింద నీళ్లు 10 దగ్గరే ఉంటాయి. 20 శాతం ఉంటే ఆ నీటి మట్టం 25 దగ్గరికి వస్తుంది. పిల్లల ముందే చెయ్యండి, మంచి ప్రాక్టికల్ అవుతుంది.

కెమిస్ట్రీ_కందుకూరు:

కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, విమానాల గురించి ఏమీ తెలియదు, కానీ పైన లక్క అన్న మాట చూసి ఆగలేకపోయాను. లక్క పెట్రోలులో కరగదు నిజమే, కానీ ఆల్కహాల్‌లో సులువుగా కరుగుతుంది. వడ్రంగులు లక్క పాలిష్ తయారు చేసుకునేది స్పిరిట్‌లోనే కదా. ఇథనాల్ అంటే ఆల్కహాలే. కాబట్టి ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు తగిలే చోట లక్క పూస్తే మెల్లగా కరిగి ట్యాంకులోకి పోతుంది. పాత పెట్రోలు రోజుల్లో ఆగినది ఇప్పుడు ఆగకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి, మన దగ్గర సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఇథనాల్ ఆ తేమను లాక్కుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి, అల్యూమినియం ట్యాంకు తుప్పు పట్టేది ఆ పొర వల్లే. నెలల తరబడి సగం ట్యాంకుతో వదిలేస్తే ఇది జరగొచ్చు.

పెట్రోలు దించేటప్పుడు జాగ్రత్తలు చెబుతాను, దయచేసి వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే కాబట్టి. షెడ్డులో కాకుండా ఆరుబయట, పొద్దున్నే, కాలేజీ జనరేటర్‌కు దూరంగా చెయ్యండి. ప్లాస్టిక్ క్యాన్లు వద్దు, ఇనుప క్యాన్లు వాడండి. విమానం బాడీకీ క్యాన్‌కూ వైరుతో కలిపి భూమికి ఎర్త్ ఇవ్వండి. చేతిలో ఫోన్ ఉండకూడదు, పక్కనే డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఒక చట్టం సంగతి కూడా ఉంది. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా బయట నిల్వ పెట్టుకోగలిగేది మొత్తం 30 లీటర్లు, ఒక్కో ఇనుప డబ్బా 25 లీటర్లు దాటకూడదు. మీ ట్యాంకే 49 లీటర్లు అంటున్నారు, కాబట్టి ఒకేసారి దించి షెడ్డు మూలన పెట్టేస్తామంటే కుదరదు. కొంచెం కొంచెంగా దించి కాలేజీ వ్యాన్లలో పోసుకోండి.

ఆటోనగర్_నెల్లూరు:

సార్ చెప్పింది విన్నాక ఒక లెక్క తేలింది. ఈ మధ్య రెండు మూడు పెట్రోలు బండ్లలో లక్క పూసిన జాయింట్లు జిగురుగా అయి కారుతుంటే షీట్ నాసిరకమేమో అనుకుంటూ వచ్చాం. డీజిల్ ట్యాంకులకు లక్కే మంచిది, పెట్రోలుకు ఇక పూయం. తమ్ముడూ, విటాన్ అనే రకం రబ్బరు షీట్ ఉంటుంది, ఖరీదు ఎక్కువ, అన్ని షాపుల్లో ఉండదు, కానీ ఇథనాల్‌కు ఆగేది అదే. చెన్నై నుంచి చిన్న ముక్క తెప్పించమంటే మా షాపు వాళ్లు తెప్పిస్తారు, నువ్వు అడిగితే నేను మాట్లాడతా.

ల్యాబ్_కావలి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. మీరు చెప్పినవి చేసి చూశాను. హోస్ మెత్తగానే ఉంది, బీటలు లేవు. వెంట్ గొట్టంలో నిజంగానే మట్టి గూడు ఉంది, సన్నటి తీగతో జాగ్రత్తగా బయటికి లాగేశాను, పొడి లోపలికి పోకుండా. కొలగాజు పరీక్షలో నీటి మట్టం 25కు కాస్త తక్కువలో ఆగింది. పిల్లలు ఆ గీత చూసి నోరెళ్లబెట్టారు, వాళ్ల బైకుల్లో పోసేదీ అదే పెట్రోలు కదా.

కుడి ట్యాంకు ఆరుబయట రెండు దఫాలుగా దించాం. కెమిస్ట్రీ సార్ చెప్పినట్టే కాలేజీ మెయింటెనెన్స్ మనిషి ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు మూడు సందేహాలు. ఒకటి, అవ్‌గ్యాస్‌కు మారితే పాత రకం గ్యాస్కెట్ చాలా, లేక విటానే వెయ్యాలా? రెండు, ఈ ఒక్క గ్యాస్కెట్‌తో ఆగొచ్చా, మిగతా రబ్బర్లు కూడా చూడాలా? మూడు, బిగించాక లీకు లేదని ఎలా తేల్చుకోవాలి?

హ్యాంగర్_ఒంగోలు:

మట్టి గూడు దొరికిందంటే సగం జబ్బు తెలిసిపోయింది. మిగతా సగం పెట్రోలు.

ఎగిరే విమానమైతే నా జవాబు ఒక్కటే: పార్ట్ నంబర్ ఉన్న గ్యాస్కెట్, దాంతో పాటు అది సరైన పార్టేనని చెప్పే ఫార్మ్ 1 గానీ 8130-3 గానీ అనే సర్టిఫికెట్, బిగించేది విమానాల రిపేర్లకు సీఏఆర్-145 అనుమతి ఉన్న సంస్థలో, చివర సంతకం లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌ది. షీట్ కోసి వేసే ప్రశ్నే లేదు. మీది నేల మీదే ఉండే బండి, కాబట్టి విటాన్ షీట్ కోసి వేసుకోవచ్చు. అయినా కాలేజీ తరఫున సెస్నా పార్ట్ తెప్పించగలిగితే అదే వెయ్యమంటాను, పిల్లలు చూసి నేర్చుకునేది మీరు చేసే పద్ధతినే, రేపు వాళ్లు ఏదో ఒక హ్యాంగర్‌లో అలాగే చేస్తారు. అవ్‌గ్యాస్‌కు మారితే నైట్రైల్ చాలు. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022 నుంచి అవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్‌ను గుజరాత్ రిఫైనరీలో ఇక్కడే తయారు చేస్తున్నారు, అంతకుముందు అంతా దిగుమతే. కాలేజీ లెటర్ మీద పద్ధతిగా అడగండి. అవ్‌గ్యాస్‌లో లెడ్ ఉంటుంది, పిల్లల చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, దాంతో చేతులు కడగడం, పార్టులు తుడవడం లాంటివి చెయ్యనివ్వొద్దు.

రెండో ప్రశ్నకు, ఆగకూడదు. ఒక రబ్బరు ఉబ్బిందంటే అదే పెట్రోలు తాగిన మిగతావన్నీ అదే దారిలో ఉన్నట్టు. ఎడమ ట్యాంకు ఫ్లోట్ గ్యాస్కెట్ చూడండి. ట్యాంకు మూతల రబ్బరు చూడండి, అది చెడితే వాన నీళ్లు దిగుతాయి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దగ్గర పెట్రోలు వడపోసే స్ట్రైనర్ గిన్నె గ్యాస్కెట్, ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వుల ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు రింగులు) కూడా చూడండి. ఈ ఓ-రింగుల దగ్గర చాలామంది తడబడతారు, పెట్రోలుకు ఎం.ఎస్.29513, హైడ్రాలిక్ ఆయిల్‌కు ఎం.ఎస్.28775, రెండూ నల్లగానే ఉంటాయి, సైజులూ కలుస్తాయి, ప్యాకెట్ మీద నంబర్ చదవకుండా పెడితే తేడా తెలియదు. కార్బురేటర్ విప్పి ఫ్లోట్, నీడిల్ కూడా ఒకసారి చూపించుకోండి.

ఇక బిగించే పని. పాత గ్యాస్కెట్ ముక్కల్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే గీకండి, బ్లేడు వద్దు, అల్యూమినియం మీద ఒక్క గీత పడినా పెట్రోలు దాని వెంబడే బయటికి పాకుతుంది. గీకేటప్పుడు బొక్కలో నూలు రాని గుడ్డ కుక్కండి, చెత్త ట్యాంకులో పడకుండా, బిగించే ముందు అది తీశానని పక్కవాళ్లకు చూపించి చెప్పండి. ప్లేటు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. ఇంతకుముందు ఎవరో లీకు ఆపాలని స్క్రూలు బలంగా బిగించి ఉంటారు, బొక్కల దగ్గర ప్లేటు లోపలికి వంగి స్కేలు కింద సందు కనిపిస్తుంది. పాత విమానాల్లో గ్యాస్కెట్ మార్చినా కారడానికి ఎక్కువగా ఇదే కారణం. వంగి ఉంటే చదునైన బల్ల మీద పెట్టి సరిచేయాలి.

స్క్రూ మరల వెంబడి కూడా పెట్రోలు పాకుతుంది కాబట్టి తలల కింద సీలింగ్ వాషర్లు కొత్తవి వెయ్యండి. గ్యాస్కెట్‌కు పేస్ట్ ఏదీ అవసరం లేదు, పొడిగా వెయ్యండి. మొదట ఐదూ చేత్తో పట్టించి, ఒకదాని ఎదురుగా ఇంకోటి చొప్పున తిప్పుతూ రండి, స్క్రూడ్రైవర్‌ను మూడు వేళ్లతో పట్టుకుంటే ఎంత బలం వస్తుందో అంతే, ఆపైన మాన్యువల్‌లోని టార్క్. గ్యాస్కెట్ అంచు సమంగా కొద్దిగా నొక్కుకున్నట్టు కనిపిస్తే చాలు, బయటికి ఉబ్బితే ఎక్కువైనట్టు. గేజ్‌కు ఎర్త్ ఈ స్క్రూల గుండానో ఎర్త్ వైరు గుండానో అందుతుంది, మీటర్ పెట్టి ప్లేటుకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ, అంటే కరెంటు దారి ఉందో లేదో చూడండి, లేకపోతే లీకు ఆగి గేజ్ ఆగిపోతుంది.

పరీక్షకు చాక్‌పీస్ పొడి చేసి, ప్లేటు చుట్టూ, స్క్రూ తలల మీద, హోస్ క్లాంపుల మీద బ్రష్‌తో పల్చగా పూయండి. ముందు పావు ట్యాంకు పోసి ఒక గంట చూడండి, తర్వాత సగం, తర్వాత ఫ్లోట్ ప్లేటు పూర్తిగా మునిగే దాకా. ఫ్లోట్ పక్కగోడకు ఉంది కాబట్టి సగం ట్యాంకుతో పొడిగా ఉందని సంబరపడితే లాభం లేదు. నిండా పోసి రాత్రంతా నీడలో ఉంచండి, తెల్లారి చాక్ పొడి ఎక్కడ తడిసి రంగు మారిందో చూస్తే సన్నటి చెమ్మ కూడా దొరుకుతుంది. మరుసటి రోజు స్క్రూలు ఒకసారి చూసి, వదులైతే మళ్లీ అంతే బలంతో పట్టించండి. ఇదంతా అయ్యాకే ప్లాస్టిక్ ట్రిమ్ బిగించండి, పాత గుడ్డ తీసేసి కొత్తది వెయ్యండి, పాత మరకలుంటే మళ్లీ కారుతోందో లేదో తెలియదు. వచ్చే వారం క్లాసుకు తొందరపడకండి, ఆ రోజు ఇంజన్ ఆపి ఈ పనే పిల్లలతో చేయించండి.

ల్యాబ్_కావలి:

అలాగే సార్. హెచ్ఓడీతో మాట్లాడాను, వచ్చే క్లాసు ఇంజన్ రన్ బదులు స్ట్రైనర్ గిన్నె, డ్రెయిన్ వాల్వులు విప్పడం పెడుతున్నాం. అవ్‌గ్యాస్ కోసం లెటర్ రేపు పోతుంది. ఆటోనగర్ అన్నా, విటాన్ షీట్ కూడా ఒక ముక్క తెప్పించి పెట్టండి, పార్ట్ రావడం ఆలస్యమైతే అది వేస్తాను, శనివారం మీ షాపుకు పాత గ్యాస్కెట్ తీసుకుని వస్తా.

ఆటోనగర్_నెల్లూరు:

రా తమ్ముడూ, పొద్దున పది తర్వాత ఎప్పుడైనా ఉంటా. ప్లేటు కూడా పట్టుకురా, స్కేలు పెట్టి ఇద్దరం చూద్దాం. షీట్ మందం పాత గ్యాస్కెట్‌తో కాదు, అది ఉబ్బిపోయి ఉంది కదా, ఎడమ వైపుది విప్పాక బాగుంటే దాని మందం కొలిచి చెప్పు, అంతే మందంలో తెప్పిస్తా.